వెల్లకిలా గెలిచిన కుస్తీ

ఒకే మధ్యాహ్నం మూడు దేశాల పరువు తీసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నాకు తెలిసి అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ దేశాల్లో మొదటిది జపాన్, రెండోది బ్రెజిల్, మూడోది మా బెల్లంపల్లి. బెల్లంపల్లి దేశమెప్పుడైందని అడక్కండి. మా కుస్తీ తాలీం అరుగు మీద కూర్చున్నవాళ్లెవరూ దాన్ని దేశం కంటే తక్కువగా చూసేవాళ్లు కాదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బొగ్గుగనిలో హాజరు గుమాస్తాను. గనిలోకి దిగేవాళ్ల పేర్లు రాసుకోవడం, పైకొచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కు పెట్టడం నా ఉద్యోగం. ఒంటి మీద కండ ఎంత ఉండేదంటే, చొక్కా విప్పితే మా అవ్వ కళ్లు తుడుచుకునేది. అలాంటివాణ్ణి రోజూ సాయంత్రం తాలీంకు పోయి కుస్తీ నేర్చుకునేవాణ్ణి. పెంకుల కప్పు, దాని కింద తవ్విన గోదా, గోడకు కొండగట్టు అంజన్న పటం, అంతే తాలీం. గోదా మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ పోసి కలిపేవాళ్లు. మా ఇంట్లో నేనెప్పుడూ అంత మెత్తటి చోట పడుకోలేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకుంటే తర్వాత నా మీద జాలి పడటానికి పనికొస్తుంది.

మా ఉస్తాద్ పేరు లసుమయ్య. పగలు గనిలో బొగ్గు నింపే పని, సాయంత్రం మాకు నేర్పే పని. కుస్తీలు పట్టీ పట్టీ రెండు చెవులూ ముద్దలైపోయాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. అంజన్న పటం కింద రెండు మేకుల మీద ఒక గద ఉండేది. వాళ్ల ఉస్తాద్ చనిపోయే ముందు లసుమయ్య చేతిలో పెట్టిన గద అది. ఏటేటా మరాఠీ వైపు ఊరైన చాందా నుంచి అక్కడి తాలీం వాళ్లు రైలెక్కి వచ్చేవాళ్లు. ఏడు జోడీల కుస్తీ జరిగేది. ఎక్కువ జోడీలు గెలిచిన తాలీం గోడ మీద ఆ ఏడాదంతా గద ఉంటుంది. సమానమైతే ఉన్నచోటే ఉంటుంది. తొమ్మిదేళ్లుగా అది మా గోడ దిగలేదు.

ఇక తగువు సంగతి. గని గేటు దగ్గర కాపలా కాసే హవల్దార్ సాంబయ్య, ఆఫీసర్ల గెస్ట్‌హౌస్‌లో వంట చేసే గోవా మనిషి పేద్రు, వీళ్లిద్దరూ సాయంత్రాలు చాయ్ తాగుతూ మా అరుగు మీద కూర్చునేవాళ్లు. ఒకరోజు గోదాలో ఒకడి వీపు మట్టికి తాకింది. మా లెక్కలో వీపు తాకితే చిత్, కుస్తీ అయిపోయినట్టే. వాళ్లు లేచి దులుపుకుంటుంటే పేద్రు లబలబలాడాడు.

"అరె, ఎందుకు ఆపిన్రు? గిప్పుడే కద అసలు కుస్తీ షురూ అయ్యేది!"

అందరం నవ్వాం. పేద్రు నవ్వలేదు. కుర్రతనంలో ఓడ మీద వంటవాడిగా పోతే, ఆ ఓడ చెడిపోయి బ్రెజిల్ రేవులో నెలల తరబడి నిలిచిపోయిందట. అక్కడ జుజుత్సు నేర్చుకున్నాడట. అందులో కింద పడినవాడు ఓడినట్టు కాదట. కింద పడుకునే పైవాడి చెయ్యో మెడో పట్టి, వాడు అరచేత్తో చరిచి 'చాలు' అనేదాకా వదలరట.

సాంబయ్య చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. ఆయన యుద్ధంలో మలయాలో జపాన్ వాళ్లకు దొరికి మూడేళ్లు ఖైదులో ఉన్న మనిషి.

"జుజుత్సు బ్రెజిల్‌ది ఎట్లయితది? గది జపాన్‌ది. ఖైద్‌ల పొద్దుగాల లేస్తె వాళ్లకు గదే పని. నన్ను పడేసి పడేసే సగంమంది నేర్చుకున్నరు."

"జపానోడు ఓడ దిగి ఆడ నేర్పింది సచ్ బాత్," అన్నాడు పేద్రు. "గాని వాడు నేర్పింది నిలబడి ఎత్తేసుడు. ఆడ బక్కోళ్లకు ఎత్తేసే తాకత్ లేదు. వాళ్లు పండుకోని కొట్లాడుడు తయారు చేసిన్రు. కన్నది జపాన్, పెంచింది బ్రెజిల్. ఇగ చెప్పు, బిడ్డ ఎవలది?"

"కన్నోళ్లది!"

"పెంచినోళ్లది!"

"ఇద్దరు నోర్మూసుకోన్రి," అన్నాడు మా ఉస్తాద్. "అది మనది. ఎన్కట మన గోదావరి ఒడ్డుకెళ్లి సన్యాసులు చీనాకు, జపాన్‌కు నడిచిపొయిన్రు. చేతుల కట్టె సుత లేకుంట అడవిల దొంగలను ఎట్ల ఆపిన్రు? గీ పట్లతోనే. గదంత మన అంజన్న పెట్టిన భిక్ష."

"నీకెవలు చెప్పిన్రు?"

"బడిపంతులు చెప్పిండు."

మర్నాడు నేను బడిపంతుల్ని పట్టుకుని అడిగాను. ఆయన బెదిరిపోయి, "నేను గట్ల అనలే. అయితె అయి ఉండొచ్చు అన్న," అన్నాడు. ఆ 'అయి ఉండొచ్చు' మా అరుగు మీదికి వచ్చేసరికి శాసనమైపోయింది. ఏడాది పొడుగునా ఇదే తగువు. మూడు మతాల వాళ్లు కూడా అంత పంతంగా వాదించుకోరు.

మీరు నన్ను అడుగుతారు, ఇందులో నువ్వేం చేశావని. పేద్రు నోట వచ్చిన 'బక్కోళ్లు' అనే ఒక్క మాట నన్ను పట్టుకుంది. బక్కవాళ్ల కోసం పుట్టిన విద్య ఒకటి ఉందంటే అది నా కోసమే కదా! ఉస్తాద్‌కు కొబ్బరికాయ కొట్టి శిష్యుడైనవాడు ఇంకొకరి దగ్గర పట్లు నేర్చుకోకూడదు. అది తాలీం కట్టుబాటు. నేను ఆ కట్టుబాటును ప్రతి ఆదివారం మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ వెనక వడ్లగడ్డి నింపిన గోనెసంచుల మీద తుంగలో తొక్కాను.

పేద్రు నాకు నేర్పింది ఒక్కటే పట్టు. ఎదుటివాడి మణికట్టు పట్టుకుని, పాదం వాడి నడుముకు ఆనించి, మనమే వెల్లకిలా పడుకోవాలి. వాడు మీద పడతాడు. కాళ్లు వాడి భుజం మీదుగా వేసి, ఆ చెయ్యి రెండు తొడల మధ్య బిగించి వెనక్కి వంచాలి. ఆరు నెలలు అదే చేశాను. చివరికి ఒక ఆదివారం పేద్రు నొప్పితో గోనెసంచి టపటపా చరిచాడు. "శాబాష్! నువ్వు బ్రెజిల్ బిడ్డవు!" అన్నాడు. పేర్లకు టిక్కులు పెట్టుకునేవాణ్ణి ఉన్నట్టుండి ఒక దేశానికి బిడ్డనైపోయాను. ఇక నేల మీద ఆనతానా?

చాందా వాళ్లు రావడానికి ఎనిమిది రోజుల ముందు, ఏడో జోడీలో దిగాల్సిన మా పోశం కాలి వేళ్ల మీదుగా గనిలో పట్టాల మీద నడిచే బొగ్గు డబ్బా పోయింది. అతని బరువుకు సరిపడేవాడు తాలీం మొత్తంలో ఇంకెవడూ లేడు, నేను తప్ప. పోశం కూడా సన్నగానే ఉండేవాడు, కాకపోతే అతనిది ఇనుము, నాది ఎముక. ఉస్తాద్ నన్ను గోదా పక్కన కూర్చోబెట్టాడు.

"రాజేశం, ఏడో జోడీ నువ్వే."

"ఉస్తాద్! నాతోని ఏమైతది?"

"గెలువుమంటలేను. ఇరవై నిమిషాలు వీపు మట్టికి తాకకుంట నిలబడు. గంతే. గంటల తరబడి గేటు కాడ నిలబడి పేర్లు రాస్తవు కద, గట్లనే నిలబడు."

"పడేస్తె?"

ఆయన గోడ వైపు చూశాడు. "మా ఉస్తాద్ పానం పోయేటప్పుడు గా గద నా చేతుల వెట్టిండు. నేనున్నన్ని దినాలు గిది గోడ దిగదని మాటిచ్చిన. నీకు జర బరువైన పనే బిడ్డా, ఏం చేద్దాం."

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. ఆ ఎనిమిది రోజులూ అవ్వ పెట్టిన జొన్నగట్క గొంతు దిగలేదు. గని గేటు దగ్గర ఒకడి పేరుకు మరొకడికి టిక్కు పెట్టి, పైకి రానివాణ్ణి వచ్చినట్టు రాసి, మేనేజర్‌తో తిట్లు తిన్నాను.

ఆ రోజు వచ్చింది. జనం గోడలెక్కారు, పెంకులెక్కారు. ఆరు జోడీలు అయ్యేసరికి మూడు మావి, మూడు వాళ్లవి. అంటే గద ఎటు పోవాలన్నది ఇక నా వీపు మీద ఆధారపడింది. తీర్పు చెప్పే పంచ్‌గా మంచిర్యాల నుంచి ఒక ముసలి పహిల్వాన్ వచ్చాడు. ఒక చేతిలో జేబు గడియారం, నోట్లో ఈల.

నా జోడు గణపత్ అనే చాందా కుర్రాడు. బరువు నాకు సమానమే అన్నారు. ఆ తూకం వేసిన త్రాసు ఎక్కడిదో ఇప్పటికీ నాకు అనుమానం. మట్టి తీసి నుదుటికి రాసుకుని గోదాలో దిగాను. కాళ్లు వణుకుతున్నాయి. అది చూసి జనం నేను కాళ్లు ఆడిస్తున్నాననుకుని చప్పట్లు కొట్టారు.

మొదటి అయిదు నిమిషాలూ నేను చేసింది పారిపోవడం. గోదా గుండ్రంగా ఉండటం దేవుడి దయ. చతురస్రంగా ఉంటే మూలన దొరికేవాణ్ణి. ఏడో నిమిషంలో గణపత్ నా నడుం అందుకున్నాడు. ఎత్తాడు. నా పాదాలు గాల్లోకి లేచాయి. జనం 'హో' అన్నారు. నేను వాడి మెడ పట్టుకుని వేలాడాను. వాడు విదిలించాడు, బోర్లా పడ్డాను. ముక్కు నిండా మట్టి, నోటి నిండా పసుపు వాసన. వాడు నన్ను తిప్పడానికి చంక కింద చెయ్యి దూర్చాడు. ఒక భుజం లేచింది. వీపుకూ మట్టికీ మధ్య జానెడు జాగా లేదు.

"నేలను పట్టుకోరా! నేలను ఇడువకు!" ఉస్తాద్ గొంతు.

పట్టుకున్నాను. గోళ్లలోకి మట్టి దిగేలా పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి వాడి చెమట చెయ్యి జారింది. నేను పాక్కుంటూ లేచి నిలబడ్డాను. అప్పుడు పంచ్ గడియారం చూసి అరిచాడు.

"ఇంక మూడు నిమిషాలు!"

తాలీం పెంకులు ఎగిరిపోతాయా అన్నంత అరుపు. మూడు నిమిషాలు నిలబడితే చాలు. నిలబడితే చాలు! ఉస్తాద్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, అంజన్నకు దండకం చదువుతున్నట్టు. ఆయన పక్కన సాంబయ్య, ఆ పక్కన పేద్రు. గణపత్ రొప్పుతున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి, బరువుగా నా మీదికి వస్తున్నాడు.

ఆ చెయ్యి! గోనెసంచుల మీద పేద్రు ఆరు నెలలు చాచిన చెయ్యి అదే. అదే వంపు, అదే ఎత్తు. నా బుర్రలో ఒక దురాశ పుట్టింది. నిలబడి సమానం చేయడమెందుకు? గెలిచేస్తే? పోశాన్ని మరిచిపోయి ఊరంతా నా పేరు చెప్పుకుంటే? పాఠకులారా, ఆ క్షణంలో నన్ను ఎవరైనా చెంప మీద ఒక్కటి కొట్టి ఉంటే జీవితాంతం వారికి రుణపడి ఉండేవాణ్ణి. ఎవరూ కొట్టలేదు.

మణికట్టు పట్టుకున్నాను. పాదం వాడి నడుముకు ఆనించాను. ఆ తర్వాత, ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా, నాలుగు వందల మంది చూస్తుండగా, నా అంతట నేనే ఎంతో చక్కగా వెల్లకిలా పడుకున్నాను.

జనం గప్‌చుప్ అయిపోయారు. విద్య చూసి నివ్వెరపోయారనుకున్నాను. ఈల మోగింది. నన్ను మెచ్చుకునే ఈల అనుకున్నాను. గణపత్ బోర్లా మీద పడ్డాడు. కాళ్లు వేశాను, చెయ్యి బిగించాను, వంచాను. పేద్రు కూడా ఎప్పుడూ అంత బాగా చేసి ఉండడు.

"సోడ్ రే! అయ్యయ్యో, ఇడువురా!" అని అరుస్తూ గణపత్ ఎడమచేత్తో మట్టిని టపటపా చరిచాడు.

"గెలిచిన!" అని అరిచాను. "ఉస్తాద్! గెలిచిన!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలి పంచ్ నా తల దగ్గర వంగాడు.

"లే బిడ్డా, లే. నువ్వు ఓడిపోయి శానసేపైంది."

"వాడు చాలన్నడు కద!"

"వాడు చాలంటె ఏంది, వద్దంటె ఏంది? నీ వీపు చూస్కో."

గణపత్ చెయ్యి పట్టుకుని మూలుగుతూనే న్యాయం మాట్లాడాడు. "పంచ్ సాబ్, దేవుని మీద ఆన, నేను పడేయలే. వాడే పండుకున్నడు!"

"ఎట్ల పడ్డా చిత్ చితే," అన్నాడు పంచ్. గోదా కట్టుబాటుకు అంతకుమించి వివరణ లేదు.

ఉస్తాద్ లేచాడు. మేకుల మీంచి గద దించాడు. భుజం మీది తువ్వాలతో దాని దుమ్ము తుడిచాడు. రోజూ తుడిచే గదకు దుమ్మెక్కడిది? అయినా తుడిచాడు. రెండు చేతులతో చాందా ఉస్తాద్‌కు అందించాడు. ఇచ్చేశాక కూడా ఆయన చేతులు కాసేపు అలాగే ముందుకు చాచి ఉన్నాయి. నవ్వించడానికి మొదలుపెట్టిన కథే గానీ, ఇక్కడ నాకు ఇప్పటికీ నవ్వు రాదు. ఆ చేతులు చూసి నేను గోదాలోనే కూర్చుని ఏడ్చాను.

చాందా వాళ్లు రైలెక్కాక అరుగు మీద విచారణ జరిగింది.

"గదేం పట్టురా?" అన్నాడు ఉస్తాద్. "ఎవలు నేర్పిన్రు?"

నేను పేద్రు వైపు చూశాను. పేద్రు పెంకుల వైపు చూశాడు. "నేర్పిన మాట నిజమే, గాని నాదేముంది? గది జపాన్‌ది. హవల్దార్ సాబ్ ఏడాది నుంచి చెప్తనే ఉన్నడు."

సాంబయ్య మండిపడ్డాడు. "జపాన్‌దా? జపానోడు గట్ల పండుకుంటడా? పండుకోని కొట్లాడుడు బ్రెజిల్‌దని నువ్వే కదా అన్నవు!"

"కన్నది మీరే కద!"

"పెంచి పాడు చేసింది మీరు!"

"ఇద్దరు ఏమన్న చేసుకోన్రి," అన్నాడు ఉస్తాద్. "మన మట్టిల పుట్టింది మాత్రం కాదు. సన్యాసులు గసొంటిది నేర్పరు."

ఏడాదిపాటు నాదంటే నాదని గొంతులు చించుకున్న బిడ్డ ఒక్క పూటలో అనాథ అయిపోయింది. నేనూ అనాథనయ్యాను. పదిహేను రోజులు తాలీంలో నాతో ఎవరూ మాట్లాడలేదు. పోశం ఒక్కడే కట్టుకట్టిన కాలితో వచ్చి, "నా కాలు ఇరుగకపోయినా బాగుండు, నీ కాళ్లు ఇరిగినా బాగుండు," అని ఆప్యాయంగా చెప్పి పోయాడు.

పదహారో రోజు సాయంత్రం తాలీం గుమ్మంలో గణపత్ నిలబడ్డాడు. కుడిచెయ్యి ఇంకా మెడలో కట్టిన గుడ్డలో ఉంది. ఎడమచేతిలో కొబ్బరికాయ. మా వాళ్లంతా లేచారు, తగువుకు వచ్చాడేమోనని.

"తగువు కాదు దాదా," అన్నాడు గణపత్. "మా ఉస్తాద్‌ను అడిగే వచ్చిన. గద మా గోడకు ఉన్నది, గాని దాని దిక్కు చూస్తె నాకు సిగ్గయితున్నది. నా చెయ్యి ఇరిసిన గా పట్టు నేర్సుకోవాలె. గది ఎవలిది?"

"నాది!" అన్నాడు పేద్రు.

"జపాన్‌ది! అంటే నేను చూసొచ్చింది!" అన్నాడు సాంబయ్య.

"గోదావరి ఒడ్డుకెళ్లి పోయింది," అన్నాడు మా ఉస్తాద్ గంభీరంగా. "బడిపంతులును అడుగు."

గణపత్ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, కొబ్బరికాయ ఎవరి ముందు పెట్టాలో తెలియక పరేషాన్ అయ్యాడు. చివరికి ఉస్తాదే చెయ్యి ముందుకు చాచి కాయ అందుకున్నాడు. అలా చాచినప్పుడు ఒక్క క్షణం ఆయన చేతుల వైపే చూశాను. తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. పదహారు రోజుల్లో నాతో మాట్లాడటం అదే మొదలు.

"రాజేశం, గోదాల దిగు. పండుకో."

"మల్ల పండుకోనా ఉస్తాద్?"

"గిప్పుడు పండుకోవాలెరా! గా రోజు కాదు పండుకునుడు!"

తాలీం తాలీమంతా పగలబడి నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వాడు, చెవులు కదిలేలా. నేను గోదాలో వెల్లకిలా పడుకుని, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా, గణపత్ బాగున్న ఎడమచెయ్యి పట్టుకుని వాడికి ఆ పట్టు నేర్పాను.

గద మళ్లీ మా గోడ ఎక్కడానికి నాలుగేళ్లు పట్టింది. తెచ్చింది పోశం. నిలబడే గెలిచాడు. ఇక పట్టు సంగతంటారా, చాందాలో ఇప్పటికీ దాన్ని బెల్లంపల్లి పట్టు అంటారట, ఎంతో గౌరవంగా. మా బెల్లంపల్లిలో మాత్రం దాని పేరు రాజేశం పడక. గనిలో ఎవడైనా పని మధ్యలో కునుకు తీస్తే చాలు, "వీడు రాజేశం పడకేసిండు సార్," అని నా దగ్గరికే వచ్చి, నా పుస్తకంలోనే రాయించేవాళ్లు. జపాన్, బ్రెజిల్, గోదావరి ఒడ్డు ఏళ్ల తరబడి కొట్లాడుకున్న విద్య చివరికి నా పేరున స్థిరపడింది.

కాబట్టి కొండగట్టు అంజన్న సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా నన్ను నమ్మి నిలబడమన్న చోట, ఎంత మంచి పట్టు గుర్తొచ్చినా సరే, ఈ జన్మలో మళ్లీ పడుకోను.